జీరో టికెట్టు

బెంగళూరు మెజెస్టిక్‌లో యశ్వంతపురం బస్సెక్కితే మల్లేశ్వరం దాటేదాకా కండక్టరు చేతిలో మెషీను కిర్రుమంటూనే ఉంటుంది. 2023 జూన్ 11న కర్ణాటకలో శక్తి పథకం వచ్చింది. అప్పట్నుంచి ఆడవాళ్లు సిటీ బస్సులో డబ్బులివ్వక్కర్లేదు, టికెట్టు మాత్రం తీసుకోవాల్సిందే. దాని మీద వెల సున్నా. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడిదే జీరో టికెట్టు నడుస్తోంది కాబట్టి తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పేదేం లేదు. మొన్నొక రోజు మదనపల్లె వైపు యాసలో ఒక పెద్దావిడ కండక్టరును అడగనే అడిగింది: "డబ్బుల్లేని టికెట్టు నాకెందుకు నాయనా?" ఆయన తల ఎత్తకుండానే, "నీకు గాదమ్మా, లెక్కకి. ఎంతమంది ఎక్కినారో పైనోళ్లకి సూపియ్యాల గదా" అన్నాడు.

ఆ టికెట్టు వల్ల బస్సు ఒక్క అంగుళం కూడా ముందుకు పోదు. పైగా రద్దీ వేళ అందరికీ కొట్టేసరికి రెండు స్టాపులు గడిచిపోతాయి. కానీ అది లేకపోతే బస్సు నిండా జనం వెళ్లినా కాగితం మీద ఎవరూ వెళ్లనట్టే.

ప్రోగ్రాములు రాసేవాళ్లం కూడా అచ్చంగా ఇలాంటి టికెట్లే కొడుతుంటాం. ప్రోగ్రాం నడుస్తున్నప్పుడు ఏయే చోట్లకు వెళ్లిందో, ఎన్నిసార్లు వెళ్లిందో రాసిపెట్టే లెక్క అది. "ఇక్కడికి అసలు వచ్చిందా, లేదా?" అని మాత్రమే ఆ లెక్కను అడిగితే దాన్ని కవరేజ్ అంటాం. "ఎన్నిసార్లు వచ్చింది, ఎంతసేపుంది?" అని అడిగితే ప్రొఫైలింగ్ అంటాం. పుస్తకాల్లో ఈ రెంటికీ వేర్వేరు అధ్యాయాలుంటాయి, ఆఫీసుల్లో వేర్వేరు పనిముట్లుంటాయి. నా మటుకు నాకు అవి ఒకే చిట్టాను రెండు రకాలుగా చదవడమే. ఆ సంగతి నాకు బోధపడింది స్కీమ్ అనే భాష ఇంటర్‌ప్రెటర్‌లో.

స్కీమ్ 1975లో ఎంఐటీలో పుట్టింది. జెరాల్డ్ సస్‌మన్, గై స్టీల్ కలిసి చేసిన భాష, లిస్ప్ కుటుంబంలోది. అందులో ఉండేదంతా బ్రాకెట్లే. బ్రాకెట్టు తెరిచి ముందు చేయాల్సిన పని పేరు చెప్పాలి, తర్వాత దేని మీద చేయాలో చెప్పాలి. "రెండూ మూడూ కలుపు" అని క్రియను చివర పెట్టే మనకు అది కాస్త తలకిందులుగా కనిపిస్తుంది. దాని ఇంటర్‌ప్రెటర్ (రాసిన ప్రోగ్రాంను చదివి నడిపించేది) మాత్రం చాలా చిన్నది. గుండెకాయలాంటి ఫంక్షన్ ఒకటుంటుంది, పేరు ఎవాల్. ఏ బ్రాకెట్టైనా దాని గుమ్మంలోంచే లోపలికి పోవాలి. లోపలి బ్రాకెట్లకు విలువ కట్టాలంటే ఎవాల్ మళ్లీ తననే పిలుచుకుంటుంది. అంటే కండక్టరును నిలబెట్టడానికి ఒక్క గుమ్మం చాలు. "ఈ బ్రాకెట్టు వచ్చింది, దాని పేరు మీద ఒకటి కలుపు" అని అక్కడ ఒక్క వరుస రాస్తే పని అయిపోయింది.

అయిపోయిందనే అనుకున్నాను. కిందటేడు కొన్ని ఆదివారాలు కూర్చుని ఒక బుల్లి స్కీమ్ ఇంటర్‌ప్రెటర్ రాసుకున్నాను. 2007 నాటి స్కీమ్ ప్రమాణం నుంచి పేర్లు ఏ లిపిలోనైనా పెట్టుకోవచ్చు. కీలక పదాలక్కూడా మారుపేర్లు పెట్టుకునే వీలు ఆ భాషలో ముందు నుంచీ ఉంది. అందుకని అంతా తెలుగులోనే పెట్టుకున్నాను. పరీక్షించడానికి బెంగళూరు ఆటో ఛార్జీ తీసుకున్నాను. 2025 ఆగస్టు నుంచి మొదటి 2 కిలోమీటర్లకు 36 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 18. రాత్రి 10 నుంచి తెల్లవారి 5 దాకా ఒకటిన్నర రెట్లు. మీటరు వేసే ఆటో దొరికితే అనుకోండి.

(నిర్వచించు (రేటు గంట)
  (ఐతే (లేదా (>= గంట 22) (< గంట 5)) 1.5 1))

(నిర్వచించు (ఛార్జీ దూరం గంట)
  (* (రేటు గంట)
     (ఐతే (<= దూరం 2)
          36
          (+ 36 (* 18 (- దూరం 2))))))

"ఐతే" తర్వాత మొదట షరతు, అది నిజమైతే మొదటి విలువ, కాకపోతే రెండోది. నిర్వచనాల లోపల పని చేసే బ్రాకెట్లు పైదాంట్లో 4, కిందిదాంట్లో 7, వెరసి 11. రాత్రి 11 గంటలకు 5 కిలోమీటర్లు పోయానని (ఛార్జీ 5 23) ఇచ్చాను. 36కి 54 కలిపితే 90, దానికి ఒకటిన్నర రెట్లు 135. సరిగ్గా వచ్చింది. లెక్క చూస్తే 11 బ్రాకెట్లలో పదింటికి టికెట్టు పడింది. (< గంట 5) ఒక్కదానికే సున్నా. 23 అనేది 22 కన్నా ఎక్కువేనని తేలగానే "లేదా" అక్కడే ఆగిపోతుంది, రెండో షరతు వైపు చూడను కూడా చూడదు. ఒక్క పరీక్షతో పదకొండింట పది!

సంతోషించబోతూ ఆగాను. రెండు కిలోమీటర్ల లోపు ప్రయాణం నేను పరీక్షించనే లేదు. ఆ 36 అనే కొమ్మ మీదికి ప్రోగ్రాం ఎక్కలేదు. మరి నా చిట్టాలో దానికి సున్నా ఎందుకు లేదు?

ఎందుకంటే దానికి బ్రాకెట్టు లేదు. ఇంటర్‌ప్రెటర్‌కు ప్రతి బ్రాకెట్టూ మెమరీలో ఒక జాగా, దానికొక అడ్రసు. నా చిట్టాలో లెక్క రాసుకునేది ఆ అడ్రసు పేరు మీదే. 36 అంటే ఉత్త అంకె. పైన ఉన్న 36కీ, కింద (+ 36 ...)లో ఉన్న 36కీ తేడా చెప్పే అడ్రసు ఏదీ లేదు. రెండు 36లూ ఒకటే 36. ఇల్లు లేనివాళ్లు ఇంటింటి లెక్కలోంచి జారిపోయినట్టు, బ్రాకెట్టు లేని కొమ్మలు నా కవరేజ్‌లోంచి జారిపోయాయి. రేటులో ఉన్న 1.5, 1 సంగతీ అంతే.

దీన్ని సరిచేసే దారులు రెండు. "ఐతే" ఎదురైనప్పుడల్లా ఏ కొమ్మ పట్టిందో విడిగా రాసుకోవడం ఒకటి. రెండోది అంతకంటే బాగుంటుంది: రాసుకోకుండానే తెలుసుకోవడం. "ఐతే" బ్రాకెట్టుకు ఒకసారి వచ్చింది, దాని లోపల కూడిక బ్రాకెట్టుకూ ఒకసారి వచ్చింది. ఒకటిలోంచి ఒకటి తీసేస్తే 36 కొమ్మకు సున్నా. కూడలికి వచ్చినన్ని బండ్లు కూడలి నుంచి బయటికి పోవాలి కదా. కరెంటు తీగల విషయంలో కిర్కాఫ్ చెప్పిందీ ఇదే. ప్రోగ్రాంలో అన్నిచోట్లా కండక్టర్లను పెట్టక్కర్లేదని, కొన్నిచోట్ల లెక్కపెట్టి మిగతావి తీసివేతల మీద రాబట్టవచ్చని, ఆ కొన్ని చోట్లు అతి తక్కువగా ఎలా ఎంచుకోవాలో డొనాల్డ్ నూత్, స్టీవెన్‌సన్ 1973లోనే చూపించారు.

స్కీమ్‌లో ఈ తీసివేతకు ఒక చిక్కుంది. కాల్-సీసీ అని ఒక వింత సదుపాయం ఉంది ఆ భాషలో. లెక్క నడుస్తుండగా మధ్యలో బయటికి దూకేయొచ్చు, మళ్లీ ఎప్పుడో అదే మధ్యలోకి వచ్చి వాలొచ్చు. రన్నింగ్ బస్సులోంచి దిగిపోయినవాడు ఇంకో రోజు అదే సీట్లో ప్రత్యక్షమైతే ఏ కండక్టరు లెక్క సరిపోతుంది?

పాత కథ కొంచెం చెప్పాలి. పరీక్షల్లో ప్రోగ్రాంలోని ఏయే దారులు తొక్కామో ఒక పద్ధతిగా చూడాలన్న ఆలోచన 1963లోనే మిల్లర్, మలోనీల వ్యాసంలో అచ్చయింది. ఇక 1971లో నూత్ స్టాన్‌ఫర్డ్‌లో జనం రాసిన ఫోర్‌ట్రాన్ ప్రోగ్రాములను పోగేశాడు, చెత్తబుట్టల్లో పారేసినవి కూడా వదలకుండా. వాటికి లెక్కలు తగిలించి నడిపిస్తే తేలిందేమిటంటే, ప్రోగ్రాంలో 4 శాతం కూడా లేని భాగం సగానికి పైగా సమయాన్ని తినేస్తోంది. ఆ 4 శాతం ఎక్కడుందో రాసినవాళ్లు ఊహించి చెప్పలేరు. ఇది నేనూ ఒప్పుకుంటాను. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తూ, ఏ ప్రోగ్రాం ఎక్కడ నెమ్మదిస్తోందో లెక్క చూడకముందు నేను చెప్పిన జోస్యాల్లో ఫలించినవి తక్కువ.

ఆ లెక్కను కళ్లకు కట్టేలా చూపించడంలో స్కీమ్ వాళ్లది అందెవేసిన చేయి. ఇండియానా విశ్వవిద్యాలయంలో కెంట్ డిబ్‌విగ్ పెంచి పెద్దచేసిన షే స్కీమ్‌ను 2016లో సిస్కో అందరికీ ఉచితంగా వదిలింది. అందులో ఒక మీట నొక్కితే మీ ప్రోగ్రాం రంగులద్దుకుని ఎదురొస్తుంది. ఎక్కువసార్లు నడిచిన బ్రాకెట్లు వేడి రంగుల్లో, తక్కువ నడిచినవి చల్లటి రంగుల్లో. మిగతా చాలా భాషల్లో రంగు వరుసకు పడుతుంది, ఇక్కడ బ్రాకెట్టుకు పడుతుంది. ఒకే వరుసలో సగం నడిచి సగం నడవకపోతే ఆ సగం కూడా కనిపిస్తుంది. నా రేటు ఫంక్షన్‌లో పనంతా ఒకే వరుసలో ఉంది. వరుసల లెక్కన చూస్తే ఒక్క పరీక్షకే అది నూటికి నూరు.

అన్నిచోట్లా టికెట్టు కొట్టడానికి బదులు ఇంకో పద్ధతి ఉంది. బస్సుల్లో చెకింగ్ స్క్వాడ్ ఎలా వస్తుందో గుర్తుందా? చెప్పాపెట్టకుండా ఎక్కుతారు, బస్సులో ఆ క్షణాన ఎవరున్నారో చూస్తారు, దిగిపోతారు. శాంప్లింగ్ ప్రొఫైలర్ అదే. గైల్ అనే ఇంకో రకం స్కీమ్‌లో స్టాట్‌ప్రాఫ్ అని ఒకటుంది. మనం వేరే చెప్పకపోతే అది సెకనుకు 100 సార్లు ప్రోగ్రాంను ఆపి, "ఇప్పుడెక్కడున్నావు? నిన్నెవరు పిలిచారు?" అని అడుగుతుంది. ఎక్కువసేపు నడిచే ఫంక్షన్లు ఎక్కువసార్లు దొరుకుతాయి. ఖర్చు తక్కువ. కానీ కవరేజ్‌కు ఇది పనికిరాదు. ఒక్క లిప్తలో వచ్చిపోయినవాడు స్క్వాడ్ కంటపడడు.

స్కీమ్‌లో స్క్వాడ్‌కు ఇంకో తలనొప్పి. ఒక ఫంక్షన్ తన ఆఖరి పనిగా ఇంకో ఫంక్షన్‌ను పిలిస్తే, పిలిచినది అక్కడితో జాగా ఖాళీ చేసి వెళ్లిపోవాలన్నది ఆ భాష నియమం. దీన్ని టెయిల్ కాల్ అంటారు. మెమరీకి మేలే. కానీ "నిన్నెవరు పిలిచారు?" అని స్క్వాడ్ అడిగితే చెప్పడానికి ఆ పిలిచినవాడు ఉండడు, వాడికి వెనకాల ఎప్పుడో పిలిచినవాడి పేరే దొరుకుతుంది. ఎక్కిన స్టాపు చెరిగిపోయిన టికెట్టు అన్నమాట.

నా ఆటో లెక్కకు మళ్లీ వస్తాను. రెండో పరీక్ష ఇచ్చాను: పొద్దున 10 గంటలకు 1 కిలోమీటరు, (ఛార్జీ 1 10). వచ్చింది 36. ఇప్పుడు 11 బ్రాకెట్లకూ టికెట్లు పడ్డాయి, కొమ్మలు నాలుగూ తొక్కాం. నూటికి నూరు, పచ్చటి పచ్చ.

నిజానికి ఆ రోజు నా ఫైల్లో (< గంట 5) ఉండాల్సిన చోట (< గంట 0) ఉంది. తొందరలో నేను కొట్టిన తప్పే. ఏ గంటా సున్నాకన్నా తక్కువ ఉండదు కాబట్టి ఆ షరతు జన్మలో నిజం కాదు. అంటే అర్ధరాత్రి దాటాక 3 గంటలకు మెజెస్టిక్‌లో దిగి ఆటో ఎక్కినవాడికి పగటి రేటే పడుతుంది. రెండు పరీక్షలూ నెగ్గాయి, కవరేజ్ నూరు శాతం, తప్పు మాత్రం హాయిగా కూర్చుని ఉంది. దానికి టికెట్టు పడింది కదా మరి! పొద్దున 10కి ఆ బ్రాకెట్టు దాకా వెళ్లాం, కాదని చెప్పింది, వెనక్కి వచ్చాం. అది ఔనని చెప్పగలదో లేదో ఎవరూ చూడలేదు.

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డు వైపు పనిచేసేవాళ్లకు ఈ కథ చెబితే నవ్వుతారు. హెచ్‌ఏఎల్, నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ ఉన్న ఆ దారిలో తేజస్ విమానం 2001 జనవరి 4న మొదటిసారి గాల్లోకి లేచింది. విమానాల సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడం బెంగళూరులో ఎందరికో రోజువారీ ఉద్యోగం. వాళ్ల నోట ఊతపదంలా వినిపించేది ఎంసీ/డీసీ, అంటే మాడిఫైడ్ కండిషన్ డెసిషన్ కవరేజ్. పాడైతే విమానమే కూలిపోయేంత కీలకమైన సాఫ్ట్‌వేర్‌కు ఇది ఉండి తీరాలని 1992లో వచ్చిన డీఓ-178బీ ప్రమాణం పట్టుబట్టింది. షరతు దాకా వెళ్తే చాలదు, "లేదా"కు ఇటూ అటూ ఉన్న షరతుల్లో ఒక్కొక్కటీ తన ఒక్కదాని బలంతో తీర్పును మార్చగలదని చూపించాలి. నా రేటుకు ఆ లెక్కన మూడు గంటలు కావాలి: 23, 10, 3. ఇరవై మూడునూ పదినీ పక్కపక్కన పెడితే మొదటి షరతు సత్తా తేలుతుంది. మూడునూ పదినీ పెడితే రెండోదాని సత్తా. మూడు గంటలకు నా ప్రోగ్రాం పగటి రేటు చెప్పి అడ్డంగా దొరికిపోయేది.

ఇక్కడిదాకా చూసింది ఒక్కో చోటు. చోట్లన్నీ కలిపితే దారి. నా రెండు పరీక్షలు తొక్కినవి పగలు-దగ్గర, రాత్రి-దూరం అనే రెండు దారులే. పగలు-దూరం, రాత్రి-దగ్గర అనేవి ఇంకా మిగిలాయి. దారిని లెక్కించడమెలా? వెళ్లిన ప్రతి మలుపునూ రాసుకుంటూ పోతే చిట్టా ప్రోగ్రాంకన్నా పెద్దదవుతుంది. 1996లో థామస్ బాల్, జేమ్స్ లారస్ ఒక ముచ్చటైన కిటుకు చెప్పారు. రేటును ఛార్జీలోనే కలిపేశామనుకుని చూడండి. ఖాళీ సంచీతో బయల్దేరాలి. రాత్రైతే సంచీలో 2 వేయాలి, పగలైతే ఏమీ వద్దు. దూరమైతే 1 వేయాలి, దగ్గరైతే ఏమీ వద్దు. చివర సంచీలో ఎంతుందో చూస్తే 0, 1, 2, 3 అని నాలుగు దారులకు నాలుగు నంబర్లు. రెండు కూడికలతో దారి పేరు తెలిసిపోయింది!

కానీ "ఐతే"లు పెరిగే కొద్దీ దారులు రెట్టింపవుతూ పోతాయి. వరుసగా 20 ఉంటే 10,48,576 దారులు. 30 ఉంటే 107 కోట్ల పైచిలుకు. అన్నింటికీ గళ్లు గీసి పెట్టుకోవడానికి మెమరీ చాలదు. అందుకని వచ్చిన నంబరును హ్యాష్ టేబుల్ అనే పట్టికలో వెతుక్కుని రాయాలి, ఆ వెతుకులాటే ఖర్చు. ఇంటర్‌ప్రెటర్‌లో ఇది పెద్ద బాధ కాదు, ఎవాల్ ఎలాగూ నత్తనడకే, టికెట్టు బరువు అందులో కలిసిపోతుంది. ముందే యంత్ర భాషలోకి కంపైల్ చేసిన ప్రోగ్రాంలో అలా కాదు. కొన్నిచోట్ల అసలు పనికన్నా టికెట్టే బరువు.

మల్లేశ్వరం దాటాక బస్సు ఆగే స్టాపును కండక్టర్లు ఇప్పటికీ టాటా ఇన్‌స్టిట్యూట్ అనే పిలుస్తారు. బోర్డు మీద పేరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్. ఈ టికెట్టు బరువు తగ్గించే పని కొంత జరిగింది అక్కడే. కపిల్ వాస్వానీ తన గురువులు వై.ఎన్. శ్రీకాంత్, మాథ్యూ జేకబ్ తళుతవీటిల్‌తో కలిసి 2005లో దారుల లెక్కను ప్రాసెసర్ పక్కన హార్డ్‌వేర్‌కే అప్పగించే ఉపాయం చెప్పాడు. మాథ్యూ జేకబ్ 1980ల్లో విస్కాన్సిన్‌లో పీహెచ్‌డీ చేసిన విషయం లిస్ప్ కోసం మెమరీ నిర్మాణం. బ్రాకెట్లు మనల్ని అంత సులువుగా వదలవు.

2005లోనే టాటా ఇన్‌స్టిట్యూట్‌కు దగ్గర్లో, సదాశివనగర్‌లో మైక్రోసాఫ్ట్ పరిశోధనశాల తెరిచింది. వాస్వానీ, అక్కడి ఆదిత్య నోరి, అదే కంపెనీకి చెందిన త్రిశూల్ చిలింబి 2007లో వేరే వైపు నుంచి వచ్చారు. అసలు అన్ని దారులూ మనకెందుకు? చూడాల్సిన దారులు కొన్నే ఉంటాయి. వాటికి మాత్రం చిన్న చిన్న నంబర్లు దగ్గర దగ్గరగా వచ్చేలా సంచీలో వేసే అంకెలను ఎంచుకుంటే, వాటి లెక్కకు చిన్న గళ్ల వరుస చాలు, వెతుకులాట అక్కర్లేదు. మిగతా దారులు ఆ గళ్ల బయటే పోతాయి, పోనీ. తరచు వచ్చే అక్షరానికి పొట్టి సంకేతం ఇచ్చి సమాచారాన్ని కుదించే కిటుకే ఇదీ అని వాళ్లు గుర్తించారు. నోరి టాటా ఇన్‌స్టిట్యూట్‌లోనే ప్రీతీ శంకర్ దగ్గర పీహెచ్‌డీ చేసింది కోడింగ్ సిద్ధాంతంలో. ఆ చూపు అక్కణ్ణుంచే వచ్చిందేమోనని నా ఊహ. వేగం కొలవడానికి వాడే స్పెక్ 2000 ప్రోగ్రాముల మీద నడిపితే టికెట్టు బరువు సగటున 50 శాతం నుంచి 15 శాతానికి దిగింది. అత్యధిక బరువు 132 నుంచి 26కు.

దీని తర్వాత వాళ్లు అడిగిన ప్రశ్న నాకు ఇంకా నచ్చింది. పరీక్షల్లో తొక్కని దారులను, జనం వాడుతున్నప్పుడు ప్రోగ్రాం తొక్కుతోందా? టికెట్టు బరువు తగ్గింది కాబట్టి ఆ లెక్కను జనం చేతిలో ఉన్న ప్రోగ్రాంలోనే ఉంచొచ్చు. తొక్కుతోందంటే మన పరీక్షలు ఆ మేరకు చాలలేదన్నమాట.

నేను వదిలేసిన రెండు దారులూ ఈ వ్యాసం కోసమని నడిపి చూశాను. పగలు 5 కిలోమీటర్లకు 90, రాత్రి 11కి 1 కిలోమీటరుకు 54. మూడు గంటలకు కూడా 54, సున్నాను ఐదు చేశాక. దారులు నాలుగూ, షరతులు అన్నీ, బ్రాకెట్లు పదకొండూ పూర్తి.

ఆ రాత్రే సదాశివనగర్ నుంచి ఇంటికి ఆటోలో వస్తుంటే మేఖ్రీ సర్కిల్ దగ్గర బండ్లన్నీ నిలిచిపోయాయి. డ్రైవరు ఇంజను ఆపేసి, వెనక్కి తిరిగి, "వెయిటింగ్ పడతాంది సార్, మళ్లీ అనుకునేరు" అన్నాడు. మీటరు వైపు చూశాను. బండి కదలట్లేదు, అంకె కదులుతోంది. మొదటి 5 నిమిషాలు ఉచితం, ఆపైన నిరీక్షణ ఛార్జీ అని రేట్ల కాగితంలో ఉన్నదే. నా ప్రోగ్రాంలో దానికి బ్రాకెట్టే లేదు, కాబట్టి చిట్టాలో దానికి సున్నా కూడా పడలేదు.